పెచ్చూడిన స్తంభం

ఎడమకి, అన్నాడాయన కింద నుంచి. ఆమె స్టీరింగు ఎడమకి తిప్పింది. కుడికి, అన్నాడు. కుడికి తిప్పింది. అంతే, ఏళ్ళ తరబడి ఈ డ్రైవరు సీట్లో కూర్చుని తను వెలగబెట్టిన ఉద్యోగం అంతే, బండి అంగుళం కదలకుండా స్టీరింగును అటు బెత్తెడు ఇటు బెత్తెడు ఆడిస్తూ ఉండాలి, కింద ఆయన గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసుకుని ఏ జాయింటు వదులైందో, ఏ బుష్షు అరిగిందో చూసుకుంటూ ఉంటాడు. ముందు చక్రాలు చెక్క దిమ్మెల మీదికి ఎక్కించాడు, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు. జాకీ పెట్టి గాల్లోకి లేపితే లాభం లేదంటాడు, చక్రాలు బరువు మోస్తుంటేనే ఎక్కడ ఆడుతోందో బయటపడుతుందట. ఇద్దరు మనుషులుంటే గానీ అయ్యే పని కాదిది, ఒకరు తిప్పాలి, ఒకరు చూడాలి, చూసేది ఎప్పుడూ ఆయనే. మా ఆవిడ చేయి పడితే గానీ నా బండి రోగం కుదరదు అని స్నేహితుల దగ్గర అంటాడు, వాళ్ళు నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది, నవ్వకపోతే ముఖం మాడ్చుకుందంటారు. నా బండి అట. పెట్టిపుట్టాడు మహానుభావుడు, మామగారి బండికి యజమాని అయ్యాడు.

అడగాలి. ఈ పని పూర్తయ్యేలోగా అడిగెయ్యాలి, పళ్ళ డాక్టరు వచ్చాడంటే ఇక అడగడానికేమీ మిగలదు. జనం పళ్ళు పీకి ఆ సంపాదనతో పాత బండ్లు పోగేస్తాడట ఆ డాక్టరు, ఇలాంటివి ఇప్పటికే నాలుగైదున్నాయట, స్టీరింగు వదులుగా ఆడకుండా కొత్త జాయింటు వేయిస్తే ఇవాళే తీసుకెళతానన్నాడట. అట, అట, అట, తనకి తెలిసిందంతా ఈ అటలే. బండి అమ్ముతున్నానని ఆయన తనతో చెప్పలేదు, వంటగదిలో గిన్నెలు సర్దుకుంటుంటే ముందు గదిలోంచి ఫోను మాటలు వినపడ్డాయి, మోకాళ్ళు ఒప్పుకోవడం లేదండీ, కింద దూరలేకపోతున్నాను, మంచి చేతుల్లో పడితే చాలు అంటున్నాడు. మంచి చేతులు! ఆమె తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడితే ఆయన చెయ్యి ఊపాడు, తర్వాత చెబుతాను అన్నట్టు, ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. సరే, అమ్ముకోనీ, ఇనుప ముక్కని తను మాత్రం ఎక్కడికి కట్టుకుపోతుంది. కానీ ఒక్కసారి, పోయేముందు ఒక్కసారి, తన చేతులతో షెడ్డులోంచి బయటికి తీసి, గేటు దాటించి, వీధి మలుపు తిప్పి తీసుకొచ్చి పెట్టాలి. ఏమండీ, ఒకసారి నేను నడుపుతాను. ఇంతే మాట. వారం నుంచి నాలుక చివర పెట్టుకుని తిరుగుతోంది, మింగలేక కక్కలేక.

కుడికి, ఇంకొంచెం, ఆగు, అన్నాడు. ఆగింది. సీటు మీది తోలు బీటలిచ్చింది, కుడి తొడ కింద గట్టిగా ఒక స్ప్రింగు, అది నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే. నాన్న సర్వేయరు, వెనక సీట్లో గొలుసులూ జెండా కర్రలూ వేసుకుని ఊళ్ళు కొలుస్తూ తిరిగేవాడు, అబ్బాయిలిద్దరికీ బండి ధ్యాస లేకపోతే కూతురిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, కాళ్ళు అందిన ఏడాదే నేర్పించాడు. గొంతు పిసికినట్టు పట్టుకుంటావేమిటే, దాని చేయి పట్టుకున్నట్టు పట్టుకో, అదే చెబుతుంది ఎటు పోవాలో, అనేవాడు. నిజంగానే చెప్పేది. బురదలో ఒకలా, కంకరలో ఒకలా, మట్టిబాటలో ఒకలా అరచేతుల్లోకి వచ్చి చెప్పేది. పెళ్ళి కాకముందు ఎంతెంత దూరాలు తిప్పిందో లెక్కలేదు, కొలతలు రాసుకుంటూ నాన్న పక్కనే కునికిపాట్లు పడేవాడు, అంత నమ్మకం. తర్వాత నాన్నకి పక్షవాతం రావడం, బండి పాక కింద ఏళ్ళకేళ్ళు పడి ఉండటం, రబ్బర్లు ఎండి పగలడం, కోళ్ళు గుడ్లు పెట్టడం. నాన్న పోయాక అన్నలిద్దరూ పాతసామాన్ల వాడిని పిలుస్తామంటే, నాకివ్వండి, ఇంకేమీ వద్దు అంది. ఇచ్చారు, ఇస్తూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈయనగారు అప్పటికి లిఫ్టుల కంపెనీలో ఫిట్టరు, స్పానరు పట్టడంలో మొనగాడే గానీ బండి నడపడం రాదు, ఆ ఇంటికి డ్రైవరు తనే. ఆ మాట ఇప్పుడు చెబితే పిల్లలు కూడా నమ్మరు.

ఆ ఆదివారం. వద్దు, అది తలచుకోకూడదు అనుకుంటుంది, అనుకోగానే అదే వస్తుంది, పుండు మీదే దెబ్బ తగిలినట్టు. మరిదీ, తోడికోడలూ, వాళ్ళ పిల్లలూ వచ్చారు, బండి వచ్చి రెండు నెలలైంది, అందరినీ ఎక్కించుకుని ఊరంతా తిప్పి ఇంటికి తీసుకొచ్చింది, దారంతా స్టీరింగులో ఏదో తేడా, చేతికి ఆలస్యంగా జవాబిస్తోంది, పడి ఉన్న బండి కదా అని సర్దుకుపోయింది. పక్క సీట్లో ఆయన. గేటు దగ్గర ఎప్పటిలాగే తిప్పింది. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు, చేతిలో ఉత్త గాలి తిరిగినట్టయింది, ఒక్క క్షణం, అంతే, బండి ముందుకే పోయి కుడి స్తంభానికి రాసుకుంది, అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. నేను తిప్పానండీ, బండి తిరగలేదు, అంది, ఆయన ముఖంలోకే చూస్తూ అంది, ఆయన కూడా చూశాడు, ఒక క్షణం ఆగాడు కూడా, ఆ ఆగడం ఇప్పటికీ గుర్తుంది, తర్వాత వెనక సీటు వైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడు అన్నదట" అన్నాడు. తోడికోడలు ఫక్కున నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె, తను మాత్రం ఏడవలేదు, తాళంచెవి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆ మరుసటి నెలలో ఆయన డ్రైవింగు నేర్చుకున్నాడు. ఇల్లంతా మూడుసార్లు సున్నం వేయించాడు గానీ ఆ పెచ్చు మాత్రం పూయించలేదు, వచ్చిన వాళ్ళకల్లా చూపించాలిగా, మా ఆవిడ సంతకం అని. పుట్టినరోజులకీ, వచ్చేపోయే చుట్టాలకీ, చివరికి కాబోయే అల్లుడికి కూడా అదే కథ, చెప్పినప్పుడల్లా స్తంభం కాస్త దూరం జరిగేది, బండి వేగం కాస్త పెరిగేది.

పాత జాయింటు ఊడదీయడానికి కొడుతున్నాడు. రెండు సుత్తులతో ఒకేసారి, అటొకటి ఇటొకటి, టంగు టంగుమని, ప్రతి దెబ్బా స్టీరింగు కడ్డీ గుండా ఎక్కి వచ్చి అరచేతుల్లో మోగుతోంది. నట్టు జారకుండా గుచ్చే కాటర్ పిన్ను తుప్పు పట్టి విరిగిపోయిందని తిట్టుకుంటున్నాడు. ఇప్పుడు అడిగితే? ఇప్పుడు చిరాకులో ఉన్నాడు, ఊడి వచ్చాక అడుగుదాం. అలా ఎన్నిటిని ఊడి వచ్చాక అనుకుని వాయిదా వేసింది. అమ్మ సంగతి కూడా అలాగే, తెల్లారుజామున చెల్లెలు ఫోను చేసి అమ్మకి ఊపిరి అందడం లేదక్కా అంటే, ఈయన లిఫ్టు పని మీద పొరుగూరు పోయి ఉన్నాడు, తాళంచెవి వంటగది గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. తీసుకుంది. షెడ్డు తలుపులు తెరిచింది, ఇదే సీట్లో కూర్చుంది, ఇంజను కూడా వేసింది, వేసి అద్దంలోకి చూస్తే వెనక గేటు, గేటు పక్కన స్తంభం, స్తంభం మీద పెచ్చూడిన చోటు. దారిలో ఏమైనా అయితే, ఎవరైనా అడ్డం వస్తే, నాకు చేతకాదు కదా, అందరికీ తెలుసు కదా నాకు చేతకాదని. ఇంజను ఆపింది, తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించింది, వానలో బస్టాండుకి నడిచింది. ఒక బస్సు, మధ్యలో దిగి ఇంకో బస్సు. వెళ్ళేసరికి చెల్లెలు వాకిట్లోనే నిలబడి ఉంది, ఇందాకటి దాకా నీ పేరే అడిగిందక్కా, అంది. దాని మాటలో తప్పు పట్టేదేం లేదు, కానీ ఇందాకటి దాకా అనే మాట ఎవరి నోట వినపడినా ఇప్పటికీ ఆమె అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతుంది. బండి ఉండి కూడా బస్సులో వచ్చావేమే అని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసుగా.

ఊడింది, అన్నాడు కింద నుంచి, గొంతులో సంతోషం. బండి అంచు కింద నుంచి నల్లటి చెయ్యి బయటికి వచ్చింది, ఇది పట్టుకో, జాగ్రత్త, గ్రీజు, అన్నాడు. ఆమె వంగి అందుకుంది. బరువుగా, చల్లగా, పిడికిలంత ఇనుప గిన్నె, అందులో ఒక గుండు, గుండుకి మరలు చెక్కిన కాడ, పైన రబ్బరు టోపీ చిరిగి పీలికలైంది. ఇంత చిన్నదా ఇది. కాడని వేలితో కదిపితే గిన్నెలో గుండు అటు వాలింది, ఇటు వాలింది, పసిపిల్ల తల వాలినట్టు, దేనికీ పట్టు లేదు. గిన్నె లోపల ఒక పక్కంతా లోతుగా అరిగిపోయి మెరుస్తోంది.

"చూశావా ఎలా ఆడుతోందో," అన్నాడాయన. కాసేపు పని ఆపి మాట్లాడుతున్నాడు, కబుర్లు చెప్పే గొంతుతో. "స్టీరింగు రోగమంతా దీంట్లోనే. బండి మనింటికొచ్చిన వారంలోనే కనిపెట్టాను. అప్పట్లో ఈ మోడలుది ఎక్కడ దొరికేది? దీని వెనకున్న మర బిగించీ, గ్రీజు కుక్కీ, ఇన్నాళ్ళూ లాక్కొచ్చాను. ఇంకొకడైతే ఎప్పుడో గుంటలో దింపేవాడు."

వారంలోనే, అన్నాడు. వారం. ఆమె గుండుని అటు వాల్చింది, ఇటు వాల్చింది. బండి వచ్చింది వానాకాలం మొదట్లో, వచ్చిన వారమే తన చేత మొదటిసారి స్టీరింగు తిప్పించాడు, అవును, తిప్పించాడు, ఎడమకి కుడికి అని, కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ, ఏం లేదు, పాత బండి కదా, అన్నాడు. ఆదివారం వచ్చింది రెండు నెలల తర్వాత. అంటే ఆదివారం నాడు తెలుసు. పక్క సీట్లో కూర్చుని, గేటు దగ్గరపడుతుంటే, ఆయనకి తెలుసు. తర్వాత ఆయన నేర్చుకున్నాక ఎలా నడిపేవాడు, మలుపు ఇంకా రాకముందే స్టీరింగు తిప్పడం మొదలుపెట్టేవాడు, పక్కన కూర్చున్న తను అది ఆయన ఒడుపనుకుంది, మగవాళ్ళ చేతికి ఏదో ముందుచూపు ఉంటుంది కాబోలు, నాకు లేనిది అనుకుంది, దొంగముండాకొడుకు, అనుకుంది ఇప్పుడు, ఇన్నేళ్ళ కాపురంలో మనసులో కూడా ఎప్పుడూ అనని మాట, అనగానే నోట్లో ఇనుము రుచి తగిలింది. ముందే తిప్పు అని ఒక్క మాట అని ఉంటే. పోనీ అప్పుడు తోచలేదు, మనిషే కదా, మరిచాడు అనుకుందాం, కానీ స్తంభానికి తగిలాక తను ముఖంలోకి చూసి చెప్పింది, తిరగలేదు అని చెప్పింది, అప్పుడు ఆగాడే, ఆ ఒక్క క్షణం, ఆ క్షణంలో ఏమాలోచించాడు? బండి బాగుచేశానని తమ్ముడి ముందు అప్పటికే డప్పు కొట్టుకున్నాడు. తన పనితనమా, పెళ్ళాం పరువా. రెండూ తూచి చూసుకుని, వెనక్కి తిరిగి సామెత చెప్పాడు. మద్దెల ఓటిదే. ఓటిదని తెలిసిన ఒకే ఒక్కడు ఆ సామెత చెప్పాడు, చెప్పి ఊరుకోక ప్రతి చుట్టానికీ వంతులవారీగా వినిపించాడు. తను కూడా నవ్వింది కదా, పళ్ళాల్లో వడ్డిస్తూ నవ్వింది, నవ్వి నవ్వి నమ్మింది. అమ్మ అడిగిన పేరు, వాన, రెండు బస్సులు, అన్నీ ఈ పిడికిలంత గిన్నెలోనే పట్టాయి.

కింద కొత్త జాయింటు ఎక్కిస్తున్నాడు, నట్టు తిరుగుతున్న చప్పుడు. "స్టీరింగు కదపకు, వేళ్ళు లోపలున్నాయి," అన్నాడు. ఆమె ఒక చేత్తో పాత జాయింటు పట్టుకుని ఉంది, ఇంకో చెయ్యి స్టీరింగు మీదే ఉంది. ఎక్కడున్నాయో తెలుసు ఆ వేళ్ళు, కడ్డీకీ చట్రానికీ మధ్య, అక్కడ ఎంత చోటుంటుందో, ఎంత తిప్పితే ఎంత మూసుకుంటుందో ఆమెకి తెలిసినట్టు ఆయనకి కూడా తెలియదు. బెత్తెడు చాలు. ఈ బెత్తెడు తిప్పడంలోనే కదా తనకి ఇంత అనుభవం. ఆమె చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. తను మంచిదై కాదు, ఆ వేళ్ళు నలిగితే రేపటి నుంచి ఆయనే పాపం మనిషి అవుతాడు, అది కూడా ఇవ్వాలా ఆయనకి.

"ఆ, తీశాను. ఎడమకి."

ఆమె తిప్పలేదు.

"ఏమే, నిన్నే. ఎడమకి తిప్పు."

"వారంలోనే తెలుసన్నారు కదా," అంది, "మరి గేటుకి తగలడం ఆ తర్వాతే కదండీ."

టార్చి వెలుతురు నేల మీద కదలకుండా పడి ఉంది. ఎక్కడో గ్రీజు చుక్క గోనెపట్టా మీద పడింది. ఆమె ఎదురుచూసింది, ఒక మాట కోసం, మరిచిపోయానే అన్నా చాలు, అబద్ధమైనా చాలు, నేర్పుగా చెబితే ఈ వయసులో నమ్మెయ్యడానికి కూడా సిద్ధమే.

"ఇప్పుడెందుకవన్నీ," అన్నాడాయన. "డాక్టరు వచ్చే వేళైంది. తిప్పు."

తిప్పింది. ఎడమకి తిప్పితే చక్రాలు ఎడమకి, కుడికి తిప్పితే కుడికి, మధ్యలో ఖాళీ లేదు, ఆలస్యం లేదు, చేయి అనగానే చక్రం ఊకొట్టింది. నాన్న రోజుల్లో ఇలాగే ఉండేది. ఎవరో పాత స్నేహితురాలు వీధిలో ఎదురై పేరు పెట్టి పిలిచినట్టయింది, ఏడుపొచ్చింది, ఆపుకుంది. ఆడుతోందా, అని అడిగాడు. లేదు, అంది. అడగాలనుకున్న మాట ఇంకా నాలుక చివరే ఉంది గానీ దాని రుచి మారిపోయింది, ఈయన్ని అడిగి నడపడమేమిటి, అడిగితే సరేనంటాడు, ఇవాళ తప్పకుండా సరేనంటాడు, జాలిగా, గేటు జాగ్రత్త అని ఒక జోకు కూడా వేసి సరేనంటాడు. ఆ మాటని మింగేసింది.

డాక్టరు గేటు దగ్గర ఆటో దిగాడు. పొట్టిగా, చురుగ్గా, పెళ్ళిచూపులకొచ్చిన వాడిలా ఉత్సాహంగా ఉన్నాడు. ఆయన కింద నుంచి దేక్కుంటూ బయటికొచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచి, బండిని దిమ్మెల మీద నుంచి దింపి షెడ్డు బయటికి తీశాడు. ఆమె పక్కకి నిలబడింది. డాక్టరు బండి చుట్టూ తిరిగాడు, తట్టి చూశాడు, లోపల కూర్చుని స్టీరింగు తిప్పి మురిసిపోయాడు, దిగి గేటు వైపు చూశాడు.

"స్తంభానికి ఏమైందండీ? దీనితోనే గుద్దారా?"

ఆయన నవ్వు ముందే వచ్చేసింది, ఇన్నేళ్ళ అలవాటు, మనిషి ఆలోచించుకునేలోపే నోరు కథలోకి దిగిపోయింది. "అదా, అది మా ఆవిడ సంతకమండీ. అప్పట్లో..." అని, తను ఏం చెబుతున్నాడో అప్పుడు గుర్తొచ్చి, సగంలో ఆమె వైపు చూశాడు.

ఆమె నడిచి వచ్చి పాత జాయింటుని డాక్టరు చేతిలో పెట్టింది. "అప్పుడు బండికి ఉన్నది ఇదండీ," అంది.

డాక్టరు బొటనవేలితో గుండుని కదిపి చూశాడు, ఊగే పన్నుని పట్టి చూసినట్టు. కనుబొమలు పైకి లేచాయి. "ఇంత అరిగిన దాన్ని పెట్టుకుని ఎలా నడిపారమ్మా? తెలియలేదా?"

"నాకు తెలియదండీ," అంది ఆమె. "ఆయనకి తెలుసు."

డాక్టరు ఆమెని చూశాడు, ఆయన్ని చూశాడు, నలుగురి నోళ్ళలోకి చూసి బతికే మనిషి కనక ఇంకేమీ అడగలేదు. కాసేపటికి మాత్రం, పోనీ మీరొకసారి నడపండమ్మా, నేను పక్కన కూర్చుంటాను, అన్నాడు, మంచివాడే. నా లైసెన్సు చెల్లిపోయి చాలా ఏళ్ళయిందండీ, అంది. అది నిజమే. ఎప్పుడు చెల్లిపోయిందో కూడా ఆమె చూసుకోలేదు.

బండి గేటులోంచి బయటికి వెళ్ళింది, స్తంభానికి జానెడు ఎడంగా, తిప్పిన చోట తిరిగి. ఇంజను చప్పుడు మలుపు దాకా వినపడింది. ఇద్దరూ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఆయన చేతులింకా నల్లగానే ఉన్నాయి, గుడ్డతో తుడిచిన వేలినే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. పాత జాయింటుని డాక్టరు స్తంభం మీద పెట్టి వెళ్ళాడు. ఆయన దాని వైపు చూడకుండా, గొంతు సవరించుకుని, రేపు మేస్త్రీని పిలిచి ఆ పెచ్చు పూయించేస్తాను, ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నా, అన్నాడు.

"వద్దు, ఉండనివ్వండి," అంది ఆమె. "ఇన్నాళ్ళూ అది నాది. ఇక మీది."